మేడమీద మీటర్ గేజ్

1992 సంక్రాంతి పండక్కి మా ఇంట్లో భోజనాల బల్లమీద రైలు నడిచింది. సింగపూర్ నుంచి వస్తూ స్నేహితుడొకడు తెచ్చిపెట్టిన హెచ్‌ఓ సైజు బొమ్మరైలు సెట్టు. ఒక డీజిల్ ఇంజను, మూడు పెట్టెలు, గుండ్రంగా కలుపుకునే పట్టాలు, 12 ఓల్టుల చిన్న ట్రాన్స్‌ఫార్మరు. బల్ల చాలక దానిమీద ఎనిమిదడుగుల ప్లైవుడ్ చెక్క వేసి పట్టాలు పరిచాను. ఇంటిల్లిపాదీ చుట్టూ చేరారు. నాన్న రిటైరై అప్పటికి ఏడాదిన్నర. కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుని, బండి పది పన్నెండు చుట్లు తిరిగేదాకా మాట్లాడకుండా చూశారు.

"బాగుందిరా. బండి ఎక్కడికి పోతోంది?" అన్నారు.

"చుట్టూ తిరుగుతుంది నాన్నా."

"అది కనపడుతూనే ఉందిగా. ఏ ఊరి నుంచి ఏ ఊరికని అడుగుతున్నా."

నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రే పట్టాలు ఊడదీసి అట్టపెట్టెలో సర్దేశాను. కోపమొచ్చి కాదు, ఆయన అడిగింది సబబే అనిపించింది. ఆ జవాబు చెక్కతో, తీగతో, బంకతో కట్టి చూపించడానికి నాకు పదకొండేళ్ళు పట్టింది.

నాన్న అసిస్టెంట్ స్టేషన్ మాస్టరు. పట్టాల మధ్య మీటరు ఎడముండే గుంటూరు–గుంతకల్లు మీటర్ గేజ్ లైన్లో, బండి నల్లమల కొండెక్కే వైపు ఓ చిన్న స్టేషన్లో నా చదువు ఏడో తరగతి దాకా సాగింది. ఆ లైను 1880ల నాటిది. సదరన్ మరాఠా రైల్వే వాళ్ళ హయాంలో వేశారు. గిద్దలూరు దాటాక దిగువమెట్ట, అక్కణ్ణించి అడవి, బొగద, మళ్ళీ దిగితే గాజులపల్లె, నంద్యాల. మా వైపు టన్నెల్ని బొగద అనే అంటారు. అక్కడ ఊరి పేరు కూడా అదే అయిపోయింది. సీతాఫలాల కాలంలో ప్లాట్‌ఫారం నిండా గంపలే. గూడ్సు పెట్టెల్లో వెదురు కట్టలు, కింద మార్కాపురం రోడ్డు స్టేషన్ నుంచి వచ్చే పలకల పెట్టెలు. ఆవిరి ఇంజన్లలో వైపీ ప్యాసింజర్లకి, వైజీ గూడ్సులకి. వైపీకి పెద్ద చక్రాలు, నాలుగడుగుల ఆరంగుళాలు. వైజీ చక్రం నాలుగడుగులే. చీకట్లో కూడా చప్పుడు విని ఏది వస్తోందో చెప్పేవాళ్ళం మా క్వార్టర్సు పిల్లలం.

కానీ నాకు బళ్ళకన్నా ఎక్కువ గుర్తున్నది నాన్న గదిలో ఎర్రరంగు నీల్స్ టోకెన్ మిషను. పక్క స్టేషను ఒప్పుకుంటేనే అందులోంచి ఇనుప గుండు ఊడి పడుతుంది. ఆ గుండు తోలుసంచిలో వేసి, పెద్ద వెదురు రింగుకి తగిలించి డ్రైవరుకి అందిస్తారు. గుండు చేతిలో ఉంటేనే ఆ సెక్షన్లోకి, అంటే రెండు స్టేషన్ల మధ్య లైన్లోకి, అడుగుపెట్టే హక్కు. ఒక సెక్షన్‌కి ఒకసారి ఒకటే గుండు. మిషను మీద గంట. ఒక దెబ్బ కొడితే 'విను'. రెండు కొడితే 'లైను ఖాళీయేనా?' మూడు, 'బండి బయల్దేరింది'. నాలుగు, 'బండి చేరింది, లైను ఖాళీ'. నేను ఎక్కాలు నేర్చుకున్నది ముందో, ఆ గంటలు నేర్చుకున్నది ముందో చెప్పలేను.

తొంభైలలో ఆ లైను బ్రాడ్ గేజ్ చేశారు. ఒకటే గేజ్ ఉండాలని 1992లో రైల్వే వాళ్ళు దేశమంతా మొదలుపెట్టిన పని అది. ఘాట్లో కొంతమేర లైను కొత్త దారిన పోయింది. పాత టన్నెలు, దొరబావి వంతెన దారి పక్కన మిగిలిపోయాయి. మార్చడం మంచిదే, అది కాదనను. సరుకు గుంటూరులో దించి మళ్ళీ ఎక్కించే బాధ తప్పింది. కానీ నాన్న పనిచేసిన స్టేషను ఆయన ఎరిగినట్టుగా ఇక ఎక్కడా లేదు. దాన్ని తిరిగి చూడాలంటే కట్టుకోవాల్సిందే.

కట్టుకోవాలంటే గేజ్ దగ్గరే చిక్కొచ్చింది. హెచ్‌ఓ అంటే అసలు కొలతలో 87వ వంతు. మామూలు హెచ్‌ఓ పట్టాల మధ్య 16.5 మిల్లీమీటర్లుంటుంది. అది యూరపు, అమెరికా వాళ్ళ గేజ్‌కి లెక్క. మన బ్రాడ్ గేజ్ 1676 మిల్లీమీటర్లు కాబట్టి 87వ వంతు చేస్తే 19 మిల్లీమీటర్ల పైచిలుకు. మన మీటర్ గేజ్‌కి పదకొండున్నర. దుకాణంలో దొరికే పట్టాలు ఈ రెండింటికీ అతకవు. నా దగ్గరున్న సెట్టు మీద మా స్టేషను కడితే నిలువునా అబద్ధమే. అయిదారేళ్ళు ఈ ఆలోచన అక్కడే ఆగిపోయింది.

1998లో కంపెనీ నన్ను మూడు నెలల శిక్షణకి స్విట్జర్లాండ్ పంపింది. ఓ ఆదివారం ఖూర్ నుంచి రేషియన్ రైల్వే బండెక్కాను. కూర్చున్న కాసేపటికే ఆ ఊగుడు ఎక్కడో తెలిసినట్టనిపించింది. దిగి పట్టాలు చూస్తే మీటర్ గేజ్! లాండ్‌వాసర్ వంతెన మీద బండి వంపు తిరిగి నేరుగా కొండ గోడలోని టన్నెల్లోకి దూరుతుంది. 65 మీటర్ల ఎత్తు, 136 మీటర్ల పొడవు, ఆరు రాతి కమానులు, 1902లో పూర్తయింది. కిటికీలోంచి తల బయటపెట్టి చూస్తుంటే, అడవి వాసనొకటి తక్కువ గానీ, నల్లమల ఘాటే. మర్నాడు ఒక బొమ్మరైళ్ళ దుకాణం అద్దంలో అదే బండి, 12 మిల్లీమీటర్ల పట్టాల మీద! హెచ్‌ఓఎం అంటారట, మీటర్ గేజ్‌కి ప్రత్యేకంగా. మనకి కావలసిన పదకొండున్నరకీ దానికీ అర మిల్లీమీటరే తేడా. దుకాణాయన ఇంకో మాట కూడా చెప్పాడు. 120వ వంతు టీటీ బొమ్మలకి మామూలు పట్టాలే 12 మిల్లీమీటర్లు, కాస్త చౌక. ఫ్లెక్సిబుల్ పట్టాలు 20 గజాలు, బండిని ఒక లైను నుంచి ఇంకో లైనుకి మళ్ళించే పాయింట్లు ఆరు కొని సూట్‌కేసులో బట్టల మధ్య చుట్టి తెచ్చాను.

అక్కణ్ణించే నాన్నకి ఉత్తరం రాశాను, స్విస్ వాళ్ళకి మీటర్ గేజ్ ఉందని. వారం తిరక్కుండా జవాబు. మందులు, ఆరోగ్యం, మా అమ్మాయి బడి అన్నీ అయ్యాక చివర ఒక వాక్యం: "వాళ్ళు కూడా మారుస్తున్నారా, ఉంచుకుంటారా కనుక్కో." ఉంచుకుంటారనే చెప్పాను. ఆ సంగతి ఆయన కనపడ్డవాళ్ళందరికీ చెప్పుకున్నారని తర్వాత అమ్మ చెప్పింది.

అప్పటికి మల్కాజిగిరిలో ఇల్లు కట్టుకున్నాం. మేడమీద ఒకటే గది, పద్నాలుగడుగులు పొడవు, పదకొండు వెడల్పు. నిజామాబాద్ వైపు పోయే మీటర్ గేజ్ బళ్ళు ఇంకా ఆ పక్కగా పోతుండేవి. గది గోడకి వాటి కూత వినపడేది. ప్లాను గీయడం 1999 వేసవిలో మొదలుపెట్టాం. 'పెట్టాం' అనే అనాలి, ఎందుకంటే మొదటి గ్రాఫు కాగితం మీదే నాన్న పెన్సిలు పడింది.

నేను గీసింది చూస్తే ఇప్పుడు నవ్వొస్తుంది గానీ అప్పుడు ఎంత ముచ్చటపడ్డానో! గది నిండా లైన్లు, మూడు స్టేషన్లు, ఒకదాని మీదుగా ఒకటి పోయే వంతెనలు. నాన్న కళ్ళద్దాలు సర్దుకుని ఒకటే అడిగారు, "నీ లూపులో బండి పడుతుందా?" లూపంటే స్టేషన్లో ఒక బండి పక్కకి తప్పుకుని నిలబడే లైను. లెక్కేశాను. ఒక్కో పెట్టె దాదాపు 22 సెంటీమీటర్లు, ఇంజనూ అంతే. ఆరు పెట్టెల ప్యాసింజరు మీటరున్నర దాటుతుంది. నా లూపు 90 సెంటీమీటర్లు. ఎదురుగా వచ్చే బండికి దారి ఇవ్వలేని స్టేషను స్టేషనే కాదు. ఆ ఒక్క ప్రశ్నతో రెండు స్టేషన్లు ఎగిరిపోయాయి.

కిలోమీటరు అంటే మా లెక్కలో పదకొండున్నర మీటర్లు. పది కిలోమీటర్ల ఘాటు ఉన్నదున్నట్టు వెయ్యాలంటే 115 మీటర్లు కావాలి, అంటే మా వీధి చివరిదాకా. వంపులూ అంతే. లాండ్‌వాసర్ వంతెన మీది వంపు చాలా బిగువైనది, వ్యాసార్ధం 100 మీటర్లు. అది కూడా 87వ వంతులో మీటరూ పదిహేను సెంటీమీటర్లు కావాలి. నాకు దొరికింది 55 సెంటీమీటర్లే. అందుకని ఏది ఉంచాలి, ఏది వదలాలి అన్నదే అసలు ప్లాను. రైళ్ళ బొమ్మలు కట్టే వాళ్ళెవరైనా సరే, కొనడం మొదలుపెట్టే ముందు ఈ వదులుకునే పని ముందు చేసుకోవాలని నా గట్టి నమ్మకం. మేం ప్యాసింజరుని నాలుగు పెట్టెలకి కుదించాం. లూపు 130 సెంటీమీటర్లు చేశాం. ఒకే స్టేషను, ఒకే ఘాటు, ఒకే టన్నెలు. స్టేషన్‌కి అటు మూడు లైన్లు పరదా వెనక, దాని పేరు 'గిద్దలూరు'. ఘాటు దాటాక రెండో గోడ చివర అలమారు చాటున ఇంకో మూడు లైన్లు, దాని పేరు 'నంద్యాల'. బండి గిద్దలూరులో పుట్టి నంద్యాల పోతుంది, నంద్యాలలో పుట్టి గిద్దలూరు వస్తుంది.

గ్రాఫు కాగితం చాలక పాత పేపర్లు అతికించి నేలంతా పరిచి, అసలు కొలతల్లో సుద్దముక్కతో గీశాం. పెట్టెల సైజుకి అట్టముక్కలు కత్తిరించాను. నాన్న మోకాళ్ళ మీద వంగి ఆ అట్టముక్కల్ని జరుపుతూ షంటింగ్ చేసేవారు, నోటితో విజిలేస్తూ. ఇక్కడ ఇంజను విడిచిపెట్టాలి, ఇక్కడ నీళ్ళు పట్టాలి, ఇక్కడ వెదురు పెట్టె వదలాలి. పక్క లైను బండికి తగలకుండా ఆగాల్సిన హద్దు ఫౌలింగ్ మార్కు. రెండు లైన్లు కలిసేచోట ఆ మార్కు దాకా ఎంత దూరం ఖాళీ ఉండాలో వేలు మడిచి కొలిచేవారు. అమ్మ కాఫీ తెచ్చి గుమ్మం దగ్గరే నిలబడేది, స్టేషన్ తొక్కకూడదని.

ఆ రోజుల్లోనే ఆయన ఇంకో గీత గీశారు. ఘాటు దిగి స్టేషన్లోకొచ్చే చోట పక్కకి చీలి, ఎక్కడికీ పోకుండా మట్టిదిబ్బలో ఆగిపోయే లైను.

"ఇదెందుకు నాన్నా? చోటు దండగ."

"క్యాచ్ సైడింగు. స్టేషన్ వైపు ఎనభై అడుగులకి ఒక అడుగు కన్నా ఎక్కువ వాలుంటే ఇది ఉండి తీరాలి. నువ్వు నలభైకి ఒకటి పెట్టావు. దిగొచ్చే బండికి బ్రేకు పడకపోతే ఎక్కడికి పోతుంది? ప్లాట్‌ఫారం మీద జనం మీదికేగా!"

పాయింటు ఎప్పుడూ దిబ్బ వైపే ఉంటుంది. దిగొచ్చిన బండి బయట నిలబడ్డాక, నిలబడిందని చూసుకున్నాకే, స్టేషన్ వైపు తిప్పుతారు. 90 సెంటీమీటర్ల చోటు దానికి పోయింది. నాకు సీతాఫలాల సంత పెట్టాలనుకున్న జాగా అది.

కట్టడం గురించి చెప్పాలంటే రోజులు చాలవు. వడ్రంగి చేత టేకు బద్దలతో నాలుగడుగుల చట్రాలు చేయించి, మీద 12 ఎంఎం ప్లైవుడ్ వేసి, చట్రానికి చట్రం బోల్టులతో బిగించాం. విప్పుకునేలా ఉండాలన్నది నాన్న పట్టు. "బదిలీ లేని రైల్వే వాడెవడురా?" అన్నారు. పట్టాల ఎత్తు నేల నుంచి 112 సెంటీమీటర్లు, స్టూలు మీద కూర్చుంటే కళ్ళకి ఎదురుగా. స్టేషన్‌కి 'నల్లమల రోడ్' అని పేరు పెట్టాం. పసుపు బోర్డు మీద నల్ల అక్షరాలతో మూడు భాషల్లో పేరు రాశాక, సముద్రమట్టానికి ఎత్తు ఎంత వెయ్యాలని సందేహమొచ్చింది. నాన్నే తేల్చారు. గది నేలే సముద్రం. 112ని 87తో హెచ్చవేస్తే 97.44 మీటర్లు. అదే వేశాం.

కొండలకి థర్మోకోల్ ముక్కలు పేర్చి, ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌లో ముంచిన బ్యాండేజీ గుడ్డ కప్పాం. రాతి గుండ్లకి జీలుగు బెండు చెక్కాను. చెట్లకి మా పెరట్లోని తులసి వెన్నులు ఎండబెట్టి, బంకలో ముంచి, ఆకుపచ్చ రంగేసిన రంపపు పొట్టు అద్దితే మద్దిచెట్టులా నిలబడేవి. వెదురు పొదలకి కొండచీపురు కొసలు. అడవి నేలకి ఎండబెట్టిన టీ పొడి. ఇంట్లో తాగిన టీ ఏదీ రెండేళ్ళు వృథా పోలేదు. కంకరకి క్రషర్ పొడిని టీ జల్లెడలో జల్లించి, కుంచెతో సర్ది, ఫెవికాల్లో సమానంగా నీళ్ళు కలిపి, రెండు చుక్కల షాంపూ వేసి, సూదిమందు గొట్టంతో చుక్క చుక్కగా పోశాను. షాంపూ వెయ్యకపోతే బంక నీళ్ళు కంకర మీద ముత్యాల్లా నిలబడతాయి, లోపలికి దిగవు. అంతా ఆరి, ముచ్చటగా కనపడుతుంటే నాన్న తల అడ్డంగా ఊపారు. "యార్డులో కంకర ఇంత తెల్లగా ఉంటుందా? బూడిద పోసేవాళ్ళం కదరా." ఇస్త్రీ బండి అతన్ని అడిగి బొగ్గు బూడిద తెచ్చి జల్లించి పోశాం. ఆ సాయంత్రం మొదటిసారి అది మా స్టేషనులా కనపడింది.

వైపీ ఇంజను ఎవరూ చేసి అమ్మలేదు. ఒక జర్మన్ టీటీ పసిఫిక్ ఇంజను చట్రం సంపాదించాను. పసిఫిక్ అంటే ముందు నాలుగు చిన్న చక్రాలు, మధ్య ఆరు పెద్దవి, వెనక రెండు. వైపీ కూడా అంతే. వైపీ పెద్దచక్రం 1372 మిల్లీమీటర్లు, మన లెక్కలో 15.8. ఆ చట్రం చక్రం ఒక్క మిల్లీమీటరు పెద్దది. దానిమీద ఇత్తడి రేకుతో బాయిలరు చుట్టి, గుండుసూదులతో పట్టీలు వేసి, ఏడు నెలలు కూర్చున్నాను. పెట్టెలన్నీ ప్లాస్టిక్ షీటు కోసి నేనే చేశాను. చిన్నప్పుడు చూసిన ఇటుక ఎరుపు రంగు కలపడానికే మూడు ఆదివారాలు పట్టింది. ఆ రంగు దగ్గర రాజీ పడలేదు. నాన్న, అమ్మ, నేను ముగ్గురం ఒప్పుకున్నాకే డబ్బా మూత తీశాను.

పాయింట్లకి మోటార్లు పెట్టలేదు. సైకిలు చువ్వలు బల్ల కింద పరిచి, ఎనిమిది ఇనుప లీవర్లకి తగిలించాం. సిగ్నళ్ళు డబ్బా రేకు కోసి చేసినవి. చెయ్యి కిందికి దిగితే బండి రావచ్చు. పాయింటు సరిగ్గా తిరగందే, బండిని స్టేషన్లోకి రానిచ్చే హోమ్ సిగ్నల్ లీవరు కదలకుండా నాన్న ఇనుప పట్టీల్లో గాట్లు కోయించి అడ్డుపెట్టించారు. ఆ గాట్లు సరిగా కుదరడానికి నాలుగు సార్లు కమ్మరి దగ్గరికి తిరిగాం.

మొదటి వేసవిలోనే ఒక దెబ్బ తిన్నాం. మేడమీద గది, హైదరాబాదు ఎండ. ఓ మధ్యాహ్నం పైకెళ్తే ఘాట్లో పట్టాలు పాములా మెలిక తిరిగున్నాయి. అతుకుల దగ్గర సందు వదలకుండా చక్కగా కలిపేశాను కదా. అయిదు మీటర్ల పట్టా ఇరవై డిగ్రీల తేడాకి మిల్లీమీటరున్నర పైన సాగుతుంది. కింద చెక్క కూడా దాని ఇష్టం వచ్చినట్టు అది బిగుస్తుంది. "ఎండాకాలం గ్యాంగ్ వాళ్ళు మధ్యాహ్నప్పూట ఊరికే తిరిగేవారనుకున్నావా?" అన్నారు నాన్న. మొత్తం ఊడదీసి, అతుకు అతుక్కీ ఇన్విటేషను కార్డు మందాన సందు వదిలి మళ్ళీ వేశాను. మళ్ళీ మెలిక తిరగలేదు.

మధ్యలో ఒకసారి పుణె వెళ్ళి కొత్రూడ్‌లో జోషి గారి మినియేచర్ రైల్వే మ్యూజియం చూశాం, అందరం కలిసి. 1998లో తెరిచారు దాన్ని. ఊరికి ఊరే దీపాలతో వెలుగుతుంటే పది రకాల బళ్ళు ఒకేసారి నడుస్తాయి. మా అమ్మాయి అక్కణ్ణించి కదలనంది. నాన్న మాత్రం సిగ్నళ్ళు ఒక్కొక్కటే చూసుకుంటూ రెండోసారి ఆట కూడా కూర్చుని చూశారు.

2003 దసరాకి మా లైను తెరిచాం. అప్పట్నించీ ఆదివారం పొద్దున్నే టిఫిన్లు అయ్యాక డ్యూటీ. నాన్న నల్లమల రోడ్‌లో, నేను నంద్యాలలో, పదకొండేళ్ళ మా అమ్మాయి డ్రైవరు. గిద్దలూరు కూడా నాన్నే చూసుకునేవారు. ఇంటి కాలింగ్ బెల్లులు రెండు కొని గది ఆ కొసకీ ఈ కొసకీ పెట్టాం. టోకెన్ గుండు బదులు గోళీకాయ. సెక్షన్‌కి ఒక రంగు, పాత గాజుకి గుడ్డసంచి కట్టి అందులో వేసేవాళ్ళం. గాజు మా అమ్మాయి మెడకెక్కితేనే బండి నడిపే రెగ్యులేటరు ముట్టుకోవాలి. లైన్ క్లియర్, అంటే లైను ఖాళీయే బండి పంపొచ్చన్న మాట, ఇచ్చేటప్పుడు దానికి రుజువుగా ప్రైవేట్ నంబర్ కూడా చెప్పుకునేవాళ్ళం. నాన్న పొడుగాటి పుస్తకం కొని, గళ్ళు గీసి, ట్రెయిన్ సిగ్నల్ రిజిస్టరు తయారు చేశారు. కూర్చోగానే మొదటి పని తేదీ, టైమూ వేసి 'ఛార్జి తీసుకున్నాను' అని రాసి సంతకం. లేచేటప్పుడు 'ఛార్జి అప్పగించాను'. ముప్పయ్యేళ్ళు చేసిన పని. ఆ సంతకం పెట్టేటప్పుడు వెన్ను నిటారుగా అయ్యేది.

ఇంట్లో కూడా ఆ గంటలు అలవాటైపోయాయి. మా అమ్మాయి స్నానాలగది తలుపు రెండు సార్లు కొట్టేది, ఖాళీయేనా అని.

క్యాచ్ సైడింగు పని ఒకసారి పడింది. ఘాటు దిగుతూ మా అమ్మాయి బండి ఆపాల్సిన చోట ఆపలేకపోయింది. ఇంజను నేరుగా దిబ్బలోకి పోయి రంపపు పొట్టులో ముక్కు దూర్చి ఆగింది. లూపులో నిలబడి ఉన్న ప్యాసింజరు చెక్కు చెదరలేదు. నాన్న ఏమీ అనలేదు. మా అమ్మాయి చేత కాగితం మీద ఏం జరిగిందో రాయించుకుని, రిజిస్టర్లో పెట్టుకున్నారు.

రెండోది నా వల్ల జరిగింది, అది మాత్రం మర్చిపోలేను. పదకొండు పెట్టెల గూడ్సు నల్లమల రోడ్ నుంచి ఘాటెక్కి నంద్యాలకి వస్తోంది. ఇంజను అలమారు చాటుకి వచ్చేసింది, చూశాను, గోళీ తీసుకుని, బండి చేరిందని గంట నాలుగు దెబ్బలు కొట్టేశాను. నాన్న వెంటనే లైన్ క్లియర్ అడిగారు, ఇచ్చాను. ప్యాసింజరు బయల్దేరింది. టన్నెల్లో పెద్ద చప్పుడు. వంపులో కొక్కెం ఊడి, మూడు పెట్టెలు, గార్డు పెట్టె లోపలే పట్టాలు దిగి ఉండిపోయాయి. ఏడు నెలలు చేసిన వైపీ వెళ్ళి వాటిని గుద్దింది.

ఇంజను ముందరి బఫరు వంగింది, అంతే. దాన్ని ఓ గంటలో సరిచెయ్యొచ్చు. కానీ నాన్న ముఖం పాలిపోయింది. స్టూలు మీదే కూర్చుండిపోయారు.

"చివరి పెట్టె చూశావా?" అన్నారు కాసేపటికి.

చూడలేదని చెప్పాను.

అప్పుడు చెప్పారు, నాకు మూడేళ్ళప్పటి సంగతి. రాత్రి, జోరున వాన. గూడ్సు స్టేషన్లోకొచ్చింది. వెనక ఎర్రదీపం కనపడలేదు. అది కనపడితేనే బండి మొత్తం వచ్చినట్టు లెక్క. ఆరిపోయి ఉండొచ్చు, వాన కదా. అవతలి స్టేషన్లో మెయిలు నిలబడి ఉంది, గంట మీద గంట కొడుతున్నారు. నాన్న జవాబివ్వలేదు. పాయింట్స్‌మన్‌ని లాంతరిచ్చి పంపి, గార్డు చేతిదీపం ఊపుకుంటూ నడిచొచ్చి 'బండి పూర్తిగా వచ్చింది మాస్టారూ' అనేదాకా నలభై నిమిషాలపాటు ఆ నాలుగు దెబ్బలు కొట్టలేదు. దీపం ఆరిపోయిందంతే, పెట్టెలన్నీ ఉన్నాయి. మెయిలు లేటయినందుకు ఆయన్ని సంజాయిషీ అడిగారు. "రాసిచ్చాను. మళ్ళీ అలా జరిగినా అదే చేస్తానని కూడా రాశాను" అన్నారు. ఇంట్లో ఎప్పుడూ చెప్పని సంగతి అది. అమ్మ కూడా అప్పుడే వింది.

ఆ వారమే గార్డు పెట్టెలన్నిటికీ వెనక చిన్న ఎర్ర ఎల్‌ఈడీ పెట్టాను. నంద్యాల యార్డు దగ్గర అలమారు తలుపులో రెండంగుళాల కిటికీ కోశాను.

2011 జనవరి నుంచి నాన్న మెట్లెక్కలేకపోయారు. ఆ ఏడాది ఆగస్టులో పోయారు. రిజిస్టర్లో ఆయన చివరిసారి రాసింది 2010 డిసెంబరు 26, ఆదివారం. ఉదయం 11.35, ఛార్జి అప్పగించాను. ఎవరికి అప్పగించారో రాసే గడి ఖాళీగా ఉంది. మేం ముగ్గురమే కాబట్టి ఆ గడి ఎప్పుడూ నింపేవాళ్ళం కాదు.

తర్వాత నేను ఒక్కణ్ణే అప్పుడప్పుడూ పైకెళ్ళి పట్టాలు తుడిచి, బండి ఒకసారి నంద్యాలకి పంపి దిగొచ్చేసేవాణ్ణి. 2015లో ఇల్లు అపార్ట్‌మెంట్ కట్టడానికిచ్చాం. చట్రాలు విప్పడానికి ఒక్క పూట పట్టింది. బోల్టులన్నీ చేత్తో తిప్పితే వచ్చేశాయి. నాన్న పన్నెండేళ్ళ క్రితం గ్రీజు పెట్టించారు వాటికి. కొత్త ఫ్లాట్లో చోటు ఎనిమిదడుగులే. స్టేషను చట్రం ఒకటి, టన్నెలు ఉన్న ఘాటు చట్రం ఒకటి ఉంచుకున్నాను. మిగతావి బట్టలు చుట్టి అటక మీదున్నాయి. నంద్యాల ఇప్పుడు ఒకటే లైను, టన్నెలు దాటగానే.

మొన్న వేసవిలో మా అమ్మాయి పుణె నుంచి వచ్చింది. అక్కడే ఉద్యోగం. రాగానే పెట్టె కూడా విప్పకుండా స్టూలు లాక్కుని నల్లమల రోడ్ ముందు కూర్చుంది. దుమ్ము ఊదింది. లీవర్లు ఒకటొకటే కదిపి చూసింది. రిజిస్టరు ఎక్కడుందని అడిగితే బీరువాలోంచి తీసిచ్చాను. తాతయ్య చివరి సంతకం చాలాసేపు చూసింది. ఖాళీగా ఉన్న ఆ గడిలో తన పేరు రాసింది. కింద కొత్త గీత కొట్టి, తేదీ వేసి, టైము చూసి 10.20 అని రాసి, 'ఛార్జి తీసుకున్నాను' అని సంతకం పెట్టింది.

నేను ఈ కొసకొచ్చి కూర్చున్నాను. గూడ్సు ఒకటి నేను అంతకుముందే తోలి ఉంచాను. ఆ కొస నుంచి గంట ఒకసారి మోగింది. నేనూ ఒకటి కొట్టాను. తర్వాత రెండు.

వెంటనే ఇవ్వలేదు. లేచి వెళ్ళి, వంగి, టన్నెల్లోకి తొంగి చూశాను.